రోజుల గడి ఖాళీగా ఉన్న చీటీ

2020 జూలైలో సూరత్‌లోని గోడాదరాలో ఒక ధర్మాసుపత్రి జ్వరాల ఓపీకి నన్ను వేశారు. నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని. అప్పటికి రిటైర్‌మెంటుకు మూడేళ్లుంది. వరంగల్‌లో చదివి, పెళ్లితో సూరత్ వచ్చినదాన్ని కాబట్టి, సాంచాల మీద, అంటే పవర్‌లూమ్ మగ్గాల మీద పనిచేసే తెలంగాణ వాళ్లందరినీ నా గదికే పంపేవారు.

మా చీటీలో నాలుగు గడులుండేవి. మందు పేరు, మోతాదు, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు. గేటు దాకా వరస, ముఖం మీద కవచానికి ఆవిరి పట్టి అక్షరం కనబడేది కాదు. మొదటి మూడు గడులు నింపి నాలుగోది నోటితో చెప్పేసేదాన్ని. పారాసిటమాల్, విటమిన్ సి, జింకు అందరికీ అవే కదా, ఇందులో ఏముందిలే అనుకున్నాను.

మరుసటి ఏడాది నవంబరులో మల్లేశం వచ్చాడు. సిరిసిల్ల వైపు మనిషి, నలభై ఎనిమిదేళ్లు, సాంచాల మాస్టరు, నూటనాలుగు కిలోలు. నీరసం, అరికాళ్లు మొద్దుబారడం. షుగర్ లేదు. బరువు తగ్గమని, రోజూ నడవమని కేస్ పేపర్ మీద రాసి పంపాను. తూకం చూశాక ఇంకేదీ చూడబుద్ధి కాలేదు. ఈ మాట ఇప్పుడు రాస్తున్నా సిగ్గుగానే ఉంది.

రెండు వారాల తర్వాత గోడ పట్టుకుంటూ వచ్చాడు. వెంట వచ్చిన భార్య రాజవ్వ నన్ను నిలదీసింది.

"నడువుమంటివి గదా డాక్టరమ్మా, నడుస్తాంటే పడుతున్నడు. గిదేం మందు?"

దూది మీద అడుగేసినట్టుంటోందని మల్లేశం అన్నాడు. పాదాలు దగ్గరపెట్టి కళ్లు మూసుకోమన్నాను. తూలాడు, నేనూ నర్సూ చెరో పక్క పట్టుకున్నాం. మోగుతున్న ట్యూనింగ్ ఫోర్క్ చీలమండకు ఆనిస్తే అదురే తెలియలేదన్నాడు. రక్తం పరీక్షలో హిమోగ్లోబిన్ తక్కువ, తెల్లకణాలూ తక్కువ. వెన్నుపాము దెబ్బతింటోందన్న మాట.

ఇలాంటప్పుడు మొదట అనుమానించేది బి12 లోపాన్ని. వాళ్ల అద్దెగదిలో గుడ్డు కూడా వండనివ్వడు ఇంటి యజమాని. మల్లేశం తిండి అన్నం, ఆలుగడ్డ, చాయ్, ఖారీ బిస్కెట్లు. పొట్ట నిండుతుంది, ఒళ్లు పెరుగుతుంది, విటమిన్లూ ఖనిజాలూ మాత్రం అందవు. లావుగా ఉన్నవాళ్లలో ఈ లోపాలు మామూలేనని నేను చదువుకున్నదే. ఎదుట ఒక లావు మనిషి కూర్చుంటే మాత్రం గుర్తు రాలేదు.

బి12 సూదులు మొదలుపెట్టాను. తర్వాత వచ్చిన రిపోర్టులో ఆ విటమిన్ అంత తక్కువేమీ లేదు. మూడు వారాలైనా మార్పు లేదు. సాంచాల మధ్య దారి ఒక మనిషి పట్టేంతే. పాదం తెలియనివాడు అక్కడ తూలితే చెయ్యి నడిచే బెల్టులో పడుతుంది. నెలాఖరు దాకా చూస్తానని, ఆ తర్వాత వేరే మాస్టర్ని పెట్టుకుంటానని కార్ఖానా సేఠ్ చెప్పేశాడట.

ఇంట్లో ఉన్న గోలీలన్నీ తెమ్మని రాజవ్వతో చెప్పాను. బిస్కెట్ డబ్బా తెచ్చి నా బల్ల మీద బోర్లించింది. అన్నీ జింకు గోలీల పట్టీలే. మధ్యలో మడతలు పడిన, నిరుటి జ్వరాల ఓపీ చీటీ. చేతిరాత నాది. జింకు, యాభై మిల్లీగ్రాములు, రోజుకు ఒకటి. రోజుల గడి ఖాళీ.

"మందికి ఒకటైతే నా గింత లావు పెయ్యికి రెండన్న గావాలె గదా అని రెండేసుకున్న. నువ్వు ఆపుమనలే గదా," అన్నాడు మల్లేశం.

జ్వరం వచ్చిన రోజు నుంచి పదహారు నెలలుగా, ఆ చీటీ చూపించి కొట్లో కొంటూ, రోజుకు రెండు. జింకు మోతాదు మించితే పేగు రాగిని లోపలికి రానివ్వదు. రాగి లేకపోతే రక్తమూ నరాలూ రెండూ దెబ్బతింటాయి, చూడటానికి అచ్చం బి12 లోపంలాగే.

ఆ చీటీని నా సొరుగులో పడేద్దామనే మొదట అనిపించింది. అబద్ధమెందుకు, చెయ్యి సొరుగు దాకా వెళ్లింది కూడా. తర్వాత దాన్ని కేస్ పేపర్‌కు గుచ్చి, తప్పు నాదని ఇద్దరికీ చెప్పాను.

"ఇగ నడుస్తడా?" అని మాత్రం అడిగింది రాజవ్వ.

రక్తం బాగవుతుందని, కాళ్ల సంగతి ఇప్పుడే చెప్పలేనని అన్నాను.

జింకు ఆ రోజే ఆపించాను. రాగి పరీక్షకు రక్తం ముంబై పంపాం. జవాబు రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. రాగి బాగా తక్కువ. మాత్రలు రాస్తుంటే, రాగి చెంబులో నీళ్లు తాగితే చాలదా అని మల్లేశం అడిగాడు. ఆ నీళ్లు చాలవని చెప్పాను. రెండు నెలల్లో రక్తం సర్దుకుంది. కాళ్లు అంత తొందరగా రాలేదు. గోడ వదిలి నడిచాడు గాని అరికాళ్ల తిమ్మిరి పూర్తిగా పోలేదు. సేఠ్ అతణ్ని కూర్చుని బట్ట తనిఖీ చేసే బల్లకు మార్చాడు. మల్లేశం మళ్లీ సాంచాల మధ్యకు వెళ్లలేదు.

ఆ తర్వాత నా గదిలో తూకం యంత్రం మీద ఎవరు నిలబడ్డా, ఏం తింటున్నారో, ఏ గోలీలు వేసుకుంటున్నారో అడిగాకే అంకె చూసేదాన్ని. పాత అలవాటు మాత్రం తెలిసినంత మాత్రాన పోదు. మల్లేశం చివరిసారి వచ్చిన రోజు రాగి మాత్రలు మళ్లీ రాసి చీటీ చేతికిచ్చాను. తలుపు దాకా వెళ్లినవాడు ఆగి, చీటీ చూసుకుని, వెనక్కి వచ్చి దాన్ని నా ముందు పెట్టాడు. నాలుగో గడి మీద వేలుంచాడు.

"గీడ దినాలు రాయలే, డాక్టరమ్మా."

రాశాను.