ఎత్తు మీద ఆగే బండి

తెలంగాణ వచ్చినంక మా దిక్కు రోడ్డు వెడల్పయింది. మా పికప్ బండి మాత్రం పాతదే. నాయిన దాన్ని ఎవరి దగ్గర్నో పాతగానే కొన్నడు. చుట్టుపక్కల తోటల బత్తాయి ఎత్తుకొని తిరుమలగిరి నుంచి భువనగిరికి కిరాయికి తోలేటోడు. ఒకనాడు లోడు మీద తాడు బిగిస్త బిగిస్త జారి కింద పడ్డడు. కుడికాలు విరిగింది. దవాఖానల రాడ్ ఏసి, ఇగ బండి తోలొద్దన్నరు.

అప్పుడు నేను జడ్చర్ల కాడ మందుల కంపెనీల ప్యాకింగ్ పని చేస్తున్న. అది ఇడిసిపెట్టి ఇంటికొచ్చిన. ట్రాక్టర్ తోలుడు ముందుగాలనే వచ్చు కాబట్టి లైసెన్సు తీసుకొని పికప్ ఎక్కిన. నాయిన చేతికర్ర పట్టుకొని పక్క సీట్ల కూసునేటోడు. మార్కెట్ల బేరం ఆయనకే తెలుసు, అదొక కారణం. నా మీద నమ్మకం లేకపోవుడు ఇంకో కారణం.

ఎండకాలంల బండి సతాయించుడు షురువైంది. ఇంటికాడ మంచిగ స్టార్ట్ అయితది. కొంత దూరం మంచిగనే పోతది. ఎత్తు రోడ్డు రాంగనే యాక్సిలరేటర్ ఎంత తొక్కినా గుంజదు. రెండు మూడు సార్లు ఊగి ఆగిపోతది. పక్కకు పెట్టి కొద్దిసేపు కూసుంటే ఏం కానట్టే మళ్ల స్టార్ట్ అయితది.

"క్లచ్చు మీద కాలు పెట్టి తోలుతున్నవ్. ఇంజను చచ్చిపోదా మరి?" అన్నడు నాయిన.

"కాలు పెడ్తలేనే నాయినా."

"నేను తోలినన్ని రోజులు ఎన్నడన్న ఆగిందా?"

నిజంగనే ఆయన చేతిల ఎన్నడూ ఆగలే.

తిరుమలగిరిల మెకానిక్ దగ్గరికి తీస్కపోయినం. ఆయన డీజిల్ ఫిల్టర్ మార్చిండు. ఒక దినం మంచిగ నడిచి మళ్ల మొదటికొచ్చింది. పైపులల్ల గాలి పట్టిందేమో అని నట్లు వదులు చేసి గాలి తీసిండు. అదీ కాలే. ట్యాంకు మూతకు ఉండే గాలి బొక్క మూసుకపోయి ఉంటదని నాయిన అన్నడు. మూత వదులుగ పెట్టి తోలినం. డీజిల్ వాసన కొట్టింది గని బండి ఆగుడు ఆగలే. ఇగ ఇంజనుకు డీజిల్ కొట్టే పెద్ద పంపు ఇప్పాలె, అది ఇక్కడ అయ్యే పని కాదు అన్నడు మెకానిక్. అదంత నాయినతోనే చెప్పిండు. నేను పక్కన్నే నిలబడి ఉన్న.

నేను ఒకటి చూసిన. ఫిల్టర్ మీద చేతితోటి నొక్కే చిన్న పంపు ఉంటది. మామూలప్పుడు నొక్కి ఇడిసిపెడితే పైకి లేస్తది. బండి ఆగినప్పుడు నొక్కితే లోపలికి పోయి అట్లనే ఉంటున్నది. కొంచెం సేపయినంక మెల్లగ పైకి లేస్తున్నది. గప్పుడే బండి స్టార్ట్ అయితున్నది. గా మాట మెకానిక్‌కు చెప్పిన. "చూద్దాం చెల్లె" అని స్పానర్లు తుడుసుకున్నడు.

ఆ వారంలనే బత్తాయి లోడు తోటి పోతాంటే మోత్కూరు దాటినంక ఎత్తు మీద బండి ఆగింది. ఇంజను ఆగంగనే బ్రేకు రాయి లెక్క గట్టిగయింది, తొక్కితే దిగుతలేదు. బండి ఎనుకకు జరుగుతాంది. ఎనుక బస్సు ఉన్నది, హారన్ కొడ్తున్నడు. హ్యాండ్ బ్రేకు గుంజి, రెండు కాళ్లు బ్రేకు మీద పెట్టి లేసి నిలబడ్డ. అయినా కొంచెం కొంచెం జరుగుతనే ఉన్నది. నాయిన తలుపు తీసుకొని దిగిండు. చేతికర్ర అడ్డం పడి రోడ్డు మీద బోర్ల పడ్డడు. పాక్కుంటనే పోయి బాట పక్కన ఉన్న బండరాయిని దొర్లించి చక్రం కింద పెట్టిండు. బండి నిలబడ్డది. బస్సులకెళ్లి దిగినోళ్లు ఆయన్ని లేపిండ్రు. మోచేతులు చెక్కుకపోయినయి.

బండి స్టార్ట్ అయినంక లోడు దించకుండనే తిరిగి మెకానిక్ దగ్గరికే పొమ్మన్నడు. పోయినం. నాయిన మెకానిక్‌ను బండెక్కమన్నడు.

"నువ్వు తోలు. లోడు తోటే తోలు. నేను చూస్త."

మెకానిక్ తోలిండు. మేమిద్దరం పక్కన ఇరుకుగ కూసున్నం. మోత్కూరు రోడ్డు మీద మొదటి ఎత్తు రాంగనే బండి రెండు సార్లు ఊగి ఆయన చేతిల కూడా ఆగిపోయింది. నాయిన నా దిక్కు చూసిండు, తర్వాత రోడ్డు దిక్కు చూసిండు.

"కాక, చెప్తి గదా, పెద్ద పంపు..." అని మెకానిక్ మొదలుపెట్టిండు.

"నాకు చెప్పకు. రోజు తోలేది ఆమె. ఆమెనడుగు" అన్నడు నాయిన.

బానెట్ ఎత్తి చేతి పంపు నొక్కి చూపించిన. లోపలికి పోయింది, పైకి లేవలే. మెకానిక్ తన చేతితోటి మళ్ల నొక్కిండు. పైకి లేచేదాక దాన్నే చూసుకుంట నిలబడ్డడు.

"అంటే ట్యాంకులకెళ్లి డీజిల్ వస్తలేదు" అన్నడు నెమ్మదిగ. "పెద్ద పంపు కాడికి పోనే వద్దు. ముందు ట్యాంకు లేకుండ తోలి చూద్దాం."

దుకాణానికి తిరిగొచ్చినంక ట్యాంకు పైపు ఊడదీసి ఒక క్యాను నిండ డీజిల్ పోసిండు. కొత్త పైపు ఒక కొస క్యానుల, ఇంకో కొస కిటికీలకెళ్లి ఫిల్టర్‌కు పెట్టిండు. క్యాను ఎవరన్న పట్టుకోవాలె. నాయిన ఒడిల పెట్టుకున్నడు. రెండు చేతులతోటి చుట్టి, చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నడు. మెకానిక్ లోడు మీద ఎక్కి కూసున్నడు.

నేను తోలిన. మొదటి ఎత్తు ఎక్కింది. మోత్కూరు దాటినంక, పొద్దుగాల ఆగిన ఎత్తు వచ్చింది. మూడో గేరుల పెట్టి తొక్కిన. గుంజుకుంట ఎక్కింది. నాయిన అంగి ముందర అంత డీజిల్ తోటి తడిసింది.

"ఆపకు. ఇంకో ఎత్తు ఎక్కియ్" అన్నడు.

ఇంకోటి ఎక్కిచ్చిన. అదీ ఎక్కింది. లోడు మీదికెళ్లి మెకానిక్ క్యాబిన్ మీద చేతితోటి రెండు దెబ్బలు కొట్టిండు.

అట్లనే క్యాను తోటే పోయి బత్తాయి మార్కెట్ల దించొచ్చినంక ట్యాంకు ఇప్పినం. డీజిల్ అంత బకెట్లల్లకు ఒంపి, పట్టీలు ఊడదీసి, ట్యాంకును తలకిందులు చేసి ఊపిండు మెకానిక్. తుప్పు పొట్టు రాలింది. తర్వాత నల్లగ, మెత్తగ ఒక ముక్క పడ్డది. కడిగి చూస్తే ప్లాస్టిక్ కవరు. బండి గుంజినప్పుడల్ల అది పోయి పైపు మూతికి అతుక్కుంటున్నది. ఇంజను ఆగినంక కొద్దిసేపటికి ఊడి కిందికి పోతున్నది.

నాయిన దాన్ని అరచేతిల పెట్టుకొని చూసిండు.

"ట్యాంకు మూత పోయినప్పుడు నేనే కట్టిన కవరు" అన్నడు. "కాలు విరిగే ముందు, కొత్త మూత కొన్ననాడు ఇప్పిన. ముక్క చినిగి లోపల పడ్డట్టున్నది."

మెకానిక్ నవ్వబోయి, ట్యాంకు కడుగుడు షురు చేసిండు.

మరునాడు బత్తాయి లోడుకు పోయేటప్పుడు నాయిన మంచంల నుంచి లేవలే. మోచేతులు నొస్తున్నయన్నడు. మార్కెట్ల ఎవరితోటి ఏం రేటు మాట్లాడాలెనో చెప్పి, బండి తాళాలు నా చేతిల పెట్టిండు. నేను ఒక్కదాన్నే భువనగిరి పోయిన. ఆ రోజు రేటు నేను అనుకున్నంత రాలే. అది కూడా ఇంటికొచ్చి చెప్పిన. విన్నడు, రేపు మార్కెట్ల ఇంకో దుకాణంల అడుగుమన్నడు.