సుగుణ తప్పుగా చదివిన రోజు

పొద్దున్నే ఫోన్ చూస్తే మా రాజాం స్కూల్ గ్రూప్‌లో మెసేజ్.
"సుగుణ మేడమ్ ఎక్స్‌పైర్డ్ ఎస్టర్‌డే నైట్."

మా సుగుణే, చిన్నప్పట్నుంచీ నాతో కలిసి చదువుకున్నది. అలాగే మంచం మీద కూలబడ్డాను.

"ఎస్టర్‌డే నైట్ ఏటే, లాస్ట్ నైట్ అనాల" అని అదే ఫోన్ చేస్తుందనిపించింది.
అప్పుడొచ్చింది ఏడుపు.

తప్పు ఇంగ్లీషు వింటే సుగుణకి ఒళ్లంతా కారం రాసినట్టుండేది. శుభలేఖలు, షాపుల బోర్డులు, దేన్నీ వదిలేది కాదు. "రిటర్న్ బ్యాక్ ఏటే? రిటర్న్ అంటే సాలదా?" అని నన్ను తిట్టని వారం లేదు. తెలుగు మాత్రం అచ్చం మా యాసే.

అలాంటి మనిషి ఒక్కసారి కావాలనే తప్పుగా చదివింది.

అరవైల చివర్లో మాట. నాకు పెళ్లిచూపులు. అప్పట్లో చదువుకున్నవాళ్ల సంబంధమైతే పిల్ల చేత ఇంగ్లీషు పేపర్ చదివించేవారు. పెళ్లికొడుకు తండ్రి విజయనగరంలో హెడ్‌మాస్టర్. పేపర్ ఆయనే తెచ్చుకున్నారు.

నేను చదివాను.
ఇస్టేట్. ఇస్కూల్. ఇస్పీచ్.

మా వైపు నోటికి 'స్కూల్' అనాలంటే ముందు ఆ 'ఇ' రాకుండా ఉండదు. వచ్చినవాళ్లు మొహాలు చూసుకుని నవ్వడం మొదలెట్టారు. మా నాన్న తల దించేసుకున్నాడు. పెళ్లి సంగతి దేవుడెరుగు, చచ్చిపోతే బాగుణ్ణనిపించింది.

పక్కన సుగుణ ఉంది. బి.ఏ. పాసై, ఆ హెడ్‌మాస్టర్ గారి స్కూల్లోనే ఇంగ్లీషు టీచర్ ఉద్యోగానికి అప్లై చేసింది. ఆ సంగతి ఆయనకీ తెలుసు. "ఏదమ్మా, నువ్వు చదువు, ఎలా చదవాలో తెలుస్తుంది" అన్నారు.

ఇల్లు గడవడానికి దానికి ఆ ఉద్యోగం ఎంత అవసరమో నాకు తెలుసు.

అది పేపర్ అందుకుంది. నా వైపు ఒకసారి చూసింది. తర్వాత గొంతెత్తి చదివింది.

ఇస్టేట్. ఇస్కూల్. ఇస్పీచ్.

ఒక్కటీ వదల్లేదు మహాతల్లి. నవ్వులు ఆగిపోయాయి. ఆయన పేపర్ మడిచేసి, "ఈ వైపు బి.ఏ.లూ ఇంతేనన్నమాట" అన్నారు.

వాళ్లు అటు వెళ్లగానే, "ఆయనకి నిజం సెప్పేస్తాను" అని లేచాను. చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టింది.

"ఉద్యోగం ఇంకోటి వస్తాది, నువ్వు నోరు ముయ్యి. ఒక్కదానివి సదివితే తప్పంటారే. ఇద్దరం సదివితే అది మన ఊరి ఇంగ్లీషు."

నాకు ఆ సంబంధమే కుదిరింది. దానికి ఆ ఉద్యోగం రాలేదు. ఏళ్ల తర్వాత ఎచ్చెర్ల దగ్గర పల్లెటూరి బడిలో చేరి, అక్కడే రిటైరైంది. మా మావయ్యగారు ఉన్నన్నాళ్లూ "మీ ఊరి బి.ఏ." అని ఎగతాళి చేస్తూనే ఉండేవారు. సుగుణ నవ్వేసేది. నన్ను మాత్రం నోరెత్తనిచ్చేది కాదు.

ఇవాళ ఆ నిజం అందరికీ చెప్పేశాను. తిట్టడానికి నువ్వు లేవు.

నా నోటికి ఇప్పటికీ ఇస్కూలే వస్తాది సుగుణా.
ఇక అది నా ఒక్కదాని తప్పే.

ఎవరి ఇంగ్లీషూ నీ చెవిన పడని చోట చల్లగా నిద్రపోవే తల్లీ.