కాదని చెప్పడానికి రైలెక్కి వచ్చిన మనిషి

అంకుల్ పోయారని మంగళవారం ఆంటీ ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పారు. ఆయన నాకు బంధువు కారు. కంప్యూటర్లో తెలుగు అచ్చు వేసే ప్రోగ్రామ్ రాసి, లోపలి కోడ్‌తో సహా ఫ్లాపీల్లో పెట్టి, అడిగినవారందరికీ ఊరికే పంపిన పెద్దమనిషి. ఇక్కడ సిడ్నీలో మనవాళ్ల పెళ్లిపత్రికలూ చర్చి పాటల కాగితాలూ దాంతోనే అచ్చయ్యేవి.

ఊరికే వస్తే మనవాళ్లు ఊరుకుంటారా? తామే రాసిన కోడ్ ముక్కలు పంపి, అది చేర్చండి, ఇది చేర్చండి అని ఒకటే ఉత్తరాలు. ఆయన ప్రతిదీ వారం రోజులు వాడి చూసి, ఆ తర్వాతే కాదనేవారు. సిడ్నీవాళ్లయితే ఇంటికే వెళ్లి చెప్పేవారు.

నేను మూడు నెలలు కూర్చుని, అక్షరాలను పెద్దవి చేసే కోడ్ రాసి పంపాను. మెచ్చుకుంటారనే అనుకున్నాను. ఒక శనివారం రైల్లో, ఊరి శివార్లలో మేముండే బ్లాక్‌టౌన్ వచ్చి, మా ఇంట్లో భోంచేసి, చేయి కడుక్కుని మరీ చెప్పారు.

“బాగా రాశావమ్మాయ్. కానీ పెట్టను.”

“ఎందుకంకుల్? వర్క్ అవుతోందిగా!”

“నీ మిషన్లో అవుతుందిలే. వెర్రిబీ ఊళ్లో పాస్టర్ గారిది పాత మిషన్, మెమరీ చాలదు. అది ఆగిపోతే ఆయన ఫోన్ చేసేది నాకు, నీకు కాదు. రాయడం నీకు మూడు నెలలు. మొయ్యడం నాకు రోజూ.”

నాకు ఒళ్లు మండింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగారు.

“అలిసిపోయానమ్మా. హాలిడేకెళ్లి నాలుగేళ్లయింది. ఈ ప్రోగ్రామ్ ఎవరైనా తీసుకుంటే ఇచ్చేస్తాను.”

అడుగుతున్నది నన్నేనని తెలుసు. కోపంలో తెలియనట్టు నటించాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

సమాధి కార్యక్రమం అయ్యాక, చర్చి హాల్లో అందరి ముందూ ఆంటీ ఫ్లాపీల పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టారు. “ఇకనుంచి ఈ అమ్మాయి చూసుకుంటుంది,” అన్నారు. వెర్రిబీ నుంచి వచ్చిన పాస్టర్ గారు “థ్యాంక్ గాడ్” అన్నారు. కాదనడం ఎలాగో ఆయన దగ్గర కళ్లారా చూసినదాన్నే, అయినా పెట్టె పుచ్చుకున్నాను.

నిన్న ఆదివారం పక్కింటివాళ్లు బార్బీకి, అదే పెరట్లో మాంసం కాల్చి పెట్టే విందుకి, పిలిచారు. సలాడ్ గిన్నెతో బయల్దేరుతుంటే ఫోన్ మోగింది. పెర్త్ నుంచి ఎవరో ఒకావిడ.

“చిన్న మార్పేనండీ, ఫైవ్ మినిట్స్ పని.”

“చెప్పండి,” అన్నాను.

ఆవిడ చెబుతూనే ఉంది. కంచె అవతల నుంచి పక్కింటాయన, రమ్మని పట్టకారు ఊపుతున్నాడు. ఫోన్ తీగ సాగినంత మేర కిటికీ దాకా వెళ్లి, నేనూ చేయి ఊపాను.