వెచ్చని బీరువాకు కాపలా

నూనెకూ నీళ్లకూ సయోధ్య కుదర్చడమే వృత్తిగా బతికేవాళ్లు లోకంలో బహు కొద్దిమంది. మా వీధి చివర మందుల కార్ఖానాలో పనిచేసే మీగడ బాబాయ్ వారిలో ఒకడు. దురదకూ, పొలుసులు రాలే చర్మానికీ రాసుకునే క్రీములు ఆయన చేతి మీదుగానే తయారవుతాయి. మైనమూ నూనే ఒక తొట్టిలో, నీళ్లు మరో తొట్టిలో ఒకే వేడికి తెచ్చి, రెంటినీ కలిపి, చల్లారేదాకా నెమ్మదిగా తిప్పాలి. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే మైనం పలుకులు కడుతుంది. జోరుగా తిప్పితే గాలి బుడగలు చేరతాయి. పెళ్లి సంబంధాలు కుదిర్చేవాళ్లకైనా ఇంత ఓపిక ఉండదని ఆయన భార్య అంటుంది. ఆ ఓపిక కార్ఖానా గేటు దాటి ఇంటికి రాదని కూడా ఆవిడే అంటుంది.

ఆయనకున్న ఏకైక వ్యసనం కుతూహలం. పక్కింటికి పార్సిలు వస్తే, అందులో ఏముందో తేలేదాకా అన్నం సహించదు.

కిందటేడు యజమాని పగిలిన మడమలకు రాసుకునే ఒక కొత్త క్రీము చేయించాడు. అది నిలవ ఉంటుందో లేదో తేలాలంటే, డబ్బాల్లో నింపి వెచ్చని బీరువాలో నెలల తరబడి ఉంచాలి. ఆ వేడికి తట్టుకుంటే బయట ఏళ్ల తరబడి ఉంటుందని నమ్మకం. తట్టుకోకపోతే కలిపే గది మూసేసి క్రీము బయట కొనుక్కుంటాననీ, బాబాయ్ అట్టపెట్టెలు మడిచే చోటికి వెళ్లొచ్చనీ యజమాని చాలా మర్యాదగా చెప్పాడు. చెప్పి, బీరువా తాళంచెవి ఆయన చేతికే ఇచ్చాడు.

మొదటి తనిఖీకి కెమిస్టు వచ్చింది. బాబాయ్ కూతురి వయసు పిల్ల. ముందు వరసలో డబ్బా తెరిచి చూసింది. క్రీము అంచులు వదిలేసి, తాను నయం చేయాల్సిన మడమలాగే బీటలు వారింది.

ఇద్దరూ మైనాన్ని అనుమానించారు. థర్మామీటరును అనుమానించారు. తిప్పే రెక్కను విప్పి చూశారు. మైనం అమ్మినవాడి వంశాన్ని కూడా బాబాయ్ ఒక పూట అనుమానించాడు. నిఘా పెంచాలని ఆయనే ప్రతిపాదించి, ఆ భారం తన నెత్తినే వేసుకున్నాడు. నిఘా పెరిగినకొద్దీ బీటలూ పెరిగాయి.

ఒక మధ్యాహ్నం కెమిస్టు డబ్బాలన్నీ తూకం వేసింది. ముందు వరస మొత్తం బరువు తగ్గింది. వెనక వరస పెట్టిన రోజున ఎంత ఉందో అంతే ఉంది. అందులో ఒకటి తెరిస్తే క్రీము నున్నగా మెరుస్తోంది.

"బాబాయ్, వెనక వరసకి మీ చెయ్యి అందుతుందా?"

"భుజం నొప్పి కదమ్మా. అంత లోపలికి వంగలేను."

"మరి ముందు వరసకి ఎందుకు వంగుతున్నారు?"

బాబాయ్ తాళంచెవిని జేబులో ఒకసారి తడుముకున్నాడు. "బాగుందో లేదో అని మూత తీసి చూస్తుంటాను. ఊరికే చూడ్డమే. వేలు పెట్టను."

"ఎప్పుడెప్పుడు?"

"పొద్దున రాగానే. టీకి ముందు. టీ తర్వాత. బీటలు కనబడ్డాక ఇంకాస్త ఎక్కువ."

తీసిన ప్రతిసారీ ఆ వేడికి క్రీములోని నీరు కొంచెం కొంచెంగా ఆవిరైపోయింది. యజమానితో తాను మాట్లాడతానని కెమిస్టు అంది. బాబాయ్ ఒప్పుకోలేదు. తానే వెళ్లి, టీ వేళలతో సహా అంతా చెప్పేశాడు.

యజమాని అంతా విని ఆయన మొహం వంక చూశాడు.

"నువ్వు చూడకుండా ఉంటే బాగానే ఉండేదన్నమాట."

"ఉండేదండి."

"అయితే క్రీము బుద్ధిమంతురాలే. గది ఉంటుంది. తాళంచెవి అమ్మాయికి ఇచ్చెయ్."

కొత్త డబ్బాలు మూతి బిగించుకుని బీరువాలోకి వెళ్లాయి. మర్నాడు బాబాయ్ చేతులు వెనక్కి కట్టుకుని దాని ముందు నిలబడ్డాడు.

"మూత తీయమనటం లేదమ్మా. తలుపు ఒక్కసారి ఓరగా..."

"వేడి పోతుంది బాబాయ్."

"పోనీ, నువ్వు చూసేటప్పుడు పక్కన నిలబడొచ్చా?"

"నిలబడండి. వచ్చే నెల."

బాబాయ్ కలిపే గదికి వెళ్లిపోయాడు. అక్కడ తొట్టికి గాజు కిటికీ ఉంది. లోపల నూనే నీళ్లూ ఒక్కటవుతుంటే, కళ్లు నొప్పెట్టేదాకా చూశాడు.