ఆవిడ సొంత గొంతు

పాకాలలో మా పక్కింటావిడ ఒకప్పటి సినిమా హీరోయిన్. ఎనభై దాటినా ఒకచోట కుదురుగా కూర్చునేవారు కాదు. టీవీలో తన సినిమా వస్తే చాలు, లేచి వాకిట్లో పచార్లు చేసేవారు.

నిరుడు మా కాలేజీలో సన్మానానికి నేనే ఆవిడను తిరుపతికి తీసుకెళ్లాను. ఆవిడకు పేరు తెచ్చిన కోర్టు సీను డైలాగు చెప్పమని పిల్లలు పట్టుబట్టారు.

"ఆ గొంతు నాది కాదు నాయనా. నా యాస పనికిరాదని వేరే ఆమెతో సెప్పించినారు," అన్నారు మైకులో.

ముందు వరసలో ఒకమ్మాయి లేచింది. "నీ గొంతుతోనే సెప్పవ్వా, వింటాము."

వేదిక మీద అటూ ఇటూ నడుస్తూ, మన యాసలోనే డైలాగంతా చెప్పారు.

కారెక్కాక నా చెయ్యి వదల్లేదు. "బాగుండిందా పాపా? నడిమధ్యలో తడబడినాను. ఇంకోసారి సెప్పేదా?"

పాకాల వచ్చేదాకా చెబుతూనే ఉన్నారు.