తాటిచెట్టు మీది అతిథి

నెలకో శనివారం పిల్లలు బ్యాగుల్లేకుండా బడికి రావాలి. ఆ రోజు పాఠాలుండవు. పిల్లల్ని బయటికైనా తీసుకుపోవాలి, బయటివాళ్లనైనా బడికి పిలవాలి. ఎవరికి తోచిందో గానీ మంచి ఆలోచనే. కాకపోతే మా బడి రుద్రంగి దిక్కు ఒక చిన్న ఊళ్లో ఉంది. టీచర్లం ఇద్దరమే, నేనూ పెద్దసారూ. బయటికి పోదామంటే చుట్టూ పొలాలు, అవి పిల్లలకి నాకంటే బాగా తెలుసు. ఎవరినైనా పిలుద్దామంటే తొందరగా రారు, వచ్చినవాళ్లు ఒక పట్టాన పోరు.

మొదటిసారి సిరిసిల్లకు తీసుకుపోయి మరమగ్గాలు చూపించాం. షెడ్డులో ఆ చప్పుడుకి నా మాట నాకే వినపడలేదు. అక్కడి ఆయన చాలాసేపు నోరు కదుపుతూ, చేతులు తిప్పుతూ ఏదో వివరంగా చెప్పాడు. మేమంతా తలలూపాం. బడికి వచ్చాక ఏం నేర్చుకున్నారో చెప్పమంటే ఒకడు లేచి, నోరు కదుపుతూ చేతులు తిప్పి కూర్చున్నాడు. తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

తర్వాతి నెల కోరుట్ల నుంచి ఒక బ్యాంకు ఆయన వచ్చి పొదుపు గురించి మాట్లాడాడు. మాటల దగ్గర మాత్రం ఆయనకి పొదుపు లేదు. మధ్యాహ్న భోజనం గంట కొట్టినా ఆగలేదు. చివర్లో "ప్రశ్నలేమైనా ఉన్నాయా పిల్లలూ?" అంటే అందరి తరఫునా ఒకతి లేచి "సార్, మీరు అన్నం తినరా?" అని అడిగింది. పెద్దసారు నావైపు చూశాడు. నేను కిటికీవైపు చూశాను.

ఇక దూరంవాళ్లు వద్దు, పిల్లల అమ్మానాన్నల్నే పిలుద్దాం అన్నాను. నా మాట పూర్తికాక ముందే నాలుగో తరగతి పిల్ల ఒకతి లేచి నిలబడింది.

"మేడం, మా బాపును పిలువుండ్రి. మా బాపు మస్తు మాట్లాడుతడు."

వాళ్ల నాన్న కల్లు గీస్తాడు. పెద్దసారుకి ఈ సంగతి చెబితే ముఖం చిట్లించాడు. "కల్లు గీసేటాయిననా? ఫోటోలు ఆఫీసు గ్రూపుల పెట్టాలె మేడం. జర చూసుకోండ్రి" అన్నాడు. "ఆయన వస్తాడు సార్, కల్లు రాదు" అన్నాను. నాకు కోపం తొందరగా వస్తుంది, అది ఆయనకి తెలుసు. సరే అన్నాడు.

ఆ వారమంతా ఆ పిల్లని పట్టడం మా తరం కాలేదు. నల్లా దగ్గర నీళ్లు తాగేవాళ్లని ఆపి మరీ చెప్పింది. "శనారం మా బాపు అస్తుండు. మీరందరు ఆయనను సార్ అనాలె. మేడం చెప్పింది." నిజమే, నేనే చెప్పాను. అతిథి ఎవరైనా సార్ అనాలి, చెయ్యెత్తి అడగాలి, చివర్లో థాంక్యూ సార్ అనాలి. ఐదో తరగతివాడు ఒకడు మా బాయికాడ తాళ్లు గీసేటాయినను సార్ ఎట్లంటం అన్నాడు గానీ, ఆ పిల్ల చూసిన చూపుకి ఒప్పుకున్నాడు.

శనివారం ఆయన తెల్ల చొక్కా వేసుకుని, తలకి నూనె రాసుకుని, మోపెడ్ మీద వచ్చాడు. ఆ పిల్ల ముందువరసలో, రెండు జడల్లో రిబ్బన్లతో, నవ్వు ఆపుకోలేక కూర్చుంది. అంతా బాగానే ఉంది. పెద్దసారుకి మాత్రం తొందర. ఫోటో తొందరగా తీసి పంపాలని, ఆయన ఇంకా నోరు తెరవక ముందే శాలువా తెచ్చి భుజాల మీద కప్పేశాడు. నేను చప్పట్లు కొట్టించాను. ఫోటో అయింది. ఆయన అందరికీ చేతులు జోడించి, "వస్త మరి" అని బయటికి నడిచాడు.

నేను వెనక పరుగెత్తాను. అప్పటికే మోపెడ్ స్టార్ట్ చేస్తున్నాడు.

"అన్నా, ఎక్కడికి? ఇంకా మాట్లాడలేదు!"

"సన్మానం అయిపాయె గద మేడం. ఇగ నాతోని ఏం పని?"

ఆయన తప్పేం లేదు. మా దిక్కు ఏ ఫంక్షన్‌లో అయినా అన్నీ అయ్యాకే శాలువా కప్పుతారు. శాలువా పడిందంటే ఇక భోజనాలే. బతిమాలి లోపలికి తీసుకొచ్చాను. పిల్లల ముందు నిలబెట్టాను. ఆయన పైకప్పు చూశాడు, నల్లబల్ల చూశాడు, శాలువాతో మెడ తుడుచుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు. చివరికి "పిల్లలూ… మంచిగ సదువుకోండ్రి" అన్నాడు. అంతే. ఈసారి పరుగెత్తినా నాకు దొరకలేదు.

"అయిపాయెనా?" అన్నాడు ఐదో తరగతివాడు. తరగతంతా గొల్లుమంది. నేను కసిరాను గానీ నవ్వు నాకూ వచ్చింది. ముందువరసలో ఆ పిల్ల మాత్రం తల ఎత్తలేదు. అప్పుడు నా నవ్వు ఆగిపోయింది.

సోమవారం ఆ పిల్ల బడికి రాలేదు. మంగళవారం కూడా రాలేదు. ఇంక బడికే రాదట అని పక్కింటి పిల్ల చెప్పింది. బడి అయ్యాక ఇంటికి పోయాను. వాకిట్లో వాళ్లమ్మ గిన్నెలు తోముతోంది. ఆ పిల్ల గడపలో కూర్చుని నన్ను చూసి మొహం తిప్పుకుంది.

"ఎందుకు రావట్లేదే?"

"మా బాపుకు మాటలు రావంటుండ్రు. నన్ను జూసి గొంతు సవరిచ్చుకుంట నవ్వుతుండ్రు. నేను అబద్ధం చెప్పిన్నంటుండ్రు. నేను రాను."

నాకు చాలా బాధనిపించింది. పాఠం చెడిపోతే మళ్లీ చెప్పుకోవచ్చు, ఇది అట్లా చెప్పుకునేది కాదు. గిన్నె పక్కన పెట్టి వాళ్లమ్మే అందుకుంది.

"అది అబద్ధం చెప్పలే మేడం. ఆయిన మస్తు మాట్లాడుతడు. గనీ నేల మీద గాదు. చెట్టెక్కినకాడికెల్లి దిగేదాక నోరు మూయడు. ఊరంత ఇనవడుతది. ఇంటికచ్చి అన్నం పెట్టుమని సుత అడగడు, కంచం ముందట కూసుంటడు."

ఇంకేం కావాలి? ఆయన మా దగ్గరికి వస్తే మాట రాదు, కాబట్టి మేమే ఆయన దగ్గరికి పోవాలి. ఆయన్ని అడిగితే చేతులు జోడించాడు. "నన్ను ఇడిసిపెట్టుండ్రి మేడం, నేను బడికి రాను." "మీరు రానక్కర్లేదు అన్నా. మేమే వస్తాం" అన్నాను. ఆయన చేతులు దించి, తాటివనం దిక్కు చూపించాడు.

ఒంటిపూట బడుల రోజులు. పొద్దున్నే పిల్లల్ని వరసకట్టించి తాటివనానికి బయల్దేరాను. పెద్దసారు రానన్నాడు. "మండలంల మీటింగున్నది మేడం. లొట్లు ఫోటోల పడకుంట చూడుండ్రి" అని చెప్పి బండెక్కి పోయాడు. లొట్లంటే చెట్లకి కట్టే కల్లుకుండలు. తాటివనంలో అవి లేకుండా ఫోటో ఎట్లా తీయాలో మాత్రం చెప్పలేదు.

ఆ పిల్లని నేనే ఇంటికి పోయి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. దారంతా నా వెనకే నడిచింది. చెట్ల దగ్గరికి వచ్చాక నా చీర కొంగు పట్టుకుని ఎవరికీ కనపడకుండా నిలబడింది.

కిందున్నంతసేపు ఆయన బడిలో ఎట్లా ఉన్నాడో అట్లాగే ఉన్నాడు. ఏమడిగినా "ఆఁ", "ఊఁ". ఐదో తరగతివాడు అప్పుడే గొంతు సవరించుకోవడం మొదలుపెట్టాడు. వాడి నెత్తిన ఒకటి మొట్టాను. ఆయన నడుముకి మోకు బిగించుకుని, దాన్ని చెట్టు చుట్టూ తిప్పి, ఎక్కడం మొదలుపెట్టాడు. రెండు నిలువులెత్తు పోయాడో లేదో, పైనుంచి ఒక గొంతు దిగింది.

"మేడం! గా చెట్టు కింద నిలవడకుండ్రి! కాయ మీద వడితె మిమ్ముల కోరుట్ల దవాఖానదాక నేనే మోసుకపోవాలె!"

పిల్లలు నోళ్లు తెరిచారు. నేనూ తెరిచాను. అది ఆ మనిషి గొంతేనా అని పైకి చూస్తే ఆయన ఎక్కుతూనే ఉన్నాడు, మాట్లాడుతూనే ఉన్నాడు. కొనకి చేరేసరికి ఉపన్యాసం ఊపందుకుంది. ఎవరి బర్రె ఎవరి చేన్లో పడిందో, ఎవరింటి దాబా మీద మిరపకాయలు ఎండుతున్నాయో అన్నీ చెప్పాడు.

"మేడం! పెద్దసారు మీటింగు ఎక్కడన్నడు?"

"మండలంలో!"

"మీటింగు రోడ్డు మీది హోటల్ల పెట్టిండ్రేమో మరి! బండి గక్కడ్నే ఉన్నది! మిర్చీలు తింటుండు!"

"మిర్చీలు కూడా కనపడుతున్నాయా?"

"కనవడుతలేవు గనీ, సారుకు మిర్చంటె పానం!"

పిల్లలు పడీపడీ నవ్వారు. చేతులు టపటపా లేచాయి. సార్, హైదరాబాద్ కనపడుతుందా? "మబ్బున్నది గనీ, లేకుంటె కనవడుతుండె!" సార్, సముద్రం? "సగం కనవడుతది!" పటం గోడకి తగిలించి, మన జిల్లాకి సముద్రం లేదని వారమంతా నేను చెప్పిన పాఠం అక్కడితో పోయింది. పిల్లలందరూ నన్ను మోసగత్తెని చూసినట్టు చూశారు. ఐదో తరగతివాడు కూడా చెయ్యెత్తి, సార్, మా ఇల్లు కనపడుతుందా సార్ అని అడిగాడు. రెండుసార్లు సార్ అన్నాడు.

అప్పుడు నా కొంగు వదులైంది. ఆ పిల్ల ముందుకి వచ్చి, అందరిలాగే చెయ్యెత్తింది.

"సార్, గంత మీదికెక్కితె మీకు భయం గాదా?"

పైన మాట ఆగిపోయింది. అప్పటిదాకా సముద్రాన్ని సగం చూపించిన మనిషి మోకు ఇంకాస్త బిగించుకున్నాడు.

"అయితది బిడ్డా" అన్నాడు చివరికి. "ఎక్కినప్పుడల్లా అయితది. గందుకే గింత మాట్లాడుత. మాట్లాడకపోతె కన్ను కిందికి పోతది."

"మరి బడిల ఎందుకు మాట్లాడలె?"

"బడిల ఇంతకన్న ఎక్కువ భయమాయె బిడ్డా. పట్టుకుందమంటె చెట్టు సుత లేకపాయె."

ఎవరూ నవ్వలేదు. ఐదో తరగతివాడు కూడా నవ్వలేదు. థాంక్యూ సార్ అనాలని నేర్పించాను గానీ అది నాకే గుర్తురాలేదు.

ఆ పిల్ల నిదానంగా చెట్టు దగ్గరికి పోయింది. రెండు చేతులూ చాచి మొదలుని వాటేసుకుంది. చేతులు సగం కూడా చుట్టుకోలేదు. చెంప చెట్టుకి ఆనించి, కళ్లు పైకెత్తి అరిచింది.

"నేను గట్టిగ పట్టుకున్న బాపూ. ఇగ దిగు."

ఆయన దిగాడు. దిగినంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు.