నైరుతి మూల బేస్‌మెంటు

రండి, ఆ చాప ఇటు లాక్కుని దగ్గరగా కూర్చోండి. కాళ్ళమీద దుప్పటి కూడా కప్పుకోండి. నేను చెప్పబోయేది మంచులో జరిగిన సంగతి.

మా అమ్మాయి కెనడాలో, ఒషావా అనే ఊళ్ళో చదువుకునే రోజుల్లో, చూసిపోదామని వెళ్ళి ఒక చలికాలమంతా దానితోపాటు బేస్‌మెంటులో ఉండిపోయాను. మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న కాలమది. కాలేజీలో సీటైనా దొరికేదిగానీ తలదాచుకోను గది దొరికేది కాదు. మాది నలుగురు ఆడపిల్లలు, నాలుగు పరుపులు, అరచెయ్యంత కిటికీ. ప్రకటనలో మాత్రం "విశాలమైన గది, మనవాళ్ళకే" అని ఉందట. మనవాళ్ళకైతే ఇరుకు కనిపించదని కాబోలు.

ఇల్లుగలావిడ తెలుగావిడే. పైన ఆవిడా, భర్తా ఉండేవారు. ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే. పిల్లలు వెనక తలుపులోంచే రావాలి, వెనక తలుపులోంచే పోవాలి, పైకి మాత్రం రాకూడదు. పండగకి పులిహోర చేసినా గిన్నె మెట్లమీద పెట్టి తలుపు కొట్టి వెళ్ళిపోయేది. మామీద ప్రేమ లేకపోలేదు. పైనున్న తివాచీ మీద ఇంకాస్త ఎక్కువ ఉండేది.

ఇంతలో ఆయన ఉద్యోగం పోయింది. ఆవిడ రాజమండ్రి సిద్ధాంతిగారికి వీడియోలో ఇల్లంతా తిప్పి చూపించింది. మా తలుపు దగ్గరికి రాగానే సిద్ధాంతిగారు "ఆగమ్మా! నైరుతి గుమ్మం. సంపాదనంతా ఇందులోంచే కారిపోతోంది. ముందు మూయించెయ్యి" అన్నాడు.

మర్నాడు ఆవిడ కిందికి దిగింది.

"ఏమీ అనుకోకండమ్మా, నెలాఖరుకి ఖాళీ చెయ్యండి. తలుపు మూసేస్తే మీకు దారుండదు కదా."

నలుగురిలో ఒకతె, వరంగల్ పిల్ల, చదువుతున్న పుస్తకం మూసి లేచింది. "ఈ చలిల ఏడికి పోవాలె ఆంటీ? పరీక్షలున్నయి. రూముల్లేక కార్లల్ల పండేటోళ్ళున్నరు."

"నాకు మాత్రం సరదానా? మీ అంకుల్ ముఖం చూశారా?"

చూశాం. పాపం, ఉద్యోగం లేకపోయినా పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సోఫాలో కూర్చునేవాడు.

నేను మెల్లగా అన్నాను. "తలుపు మూయమన్నారు, సరే. పిల్లల్ని పంపెయ్యమన్నారా తల్లీ? నలుగురు ఆడపిల్లలు కళ్ళనీళ్ళతో గడప దాటితే ఇంటికి మంచిదేనా? అదీ ఆయన్నే అడుగు."

ఆవిడ జంకింది. అక్కడే నిలబడి మళ్ళీ వీడియోలో ఫోన్ చేసింది. సిద్ధాంతిగారు కళ్ళు మూసుకుని ఆలోచించి, "లక్ష్మీస్వరూపాలు, పంపకు. తూర్పు గుమ్మంలోంచి తిరగమను" అన్నాడు.

"మాఘమాసం దాకా చూస్తాను పిన్నిగారూ," అంది ఆవిడ. "అప్పటికీ ఆయనకి ఉద్యోగం రాకపోతే లక్ష్ములైనా సరే, బయటికే."

వెనక తలుపుకి అడ్డచెక్క బిగించారు. పైకి రాకూడదన్న పిల్లలు ఆవిడ హాలు మధ్యలోంచి, దేవుడి మందసం పక్కనుంచి, మంచుబూట్లు చేత్తో పట్టుకుని రోజంతా ఊరేగింపు. ఆవిడ తివాచీ మీద ప్లాస్టిక్ పట్టా పరిచి కాపలా కూర్చునేది. ఆయన ఉద్యోగం కోసం ఆయనకంటే మా పిల్లలే ఎక్కువ మొక్కుకున్నారు.

చివరికి టొరంటోలో ఇంటర్వ్యూకి రమ్మన్నారు. ఆ పొద్దున లేచేసరికి తూర్పుగాలి కొట్టి మంచు అంతా ముందు గుమ్మానికే చేరింది. బయటికి తెరుచుకునే గాజు తలుపు ఎంత తోసినా కదల్లేదు. వెనక గుమ్మం మీద పై ఇంటి చెక్క వసారా కప్పులా ఉంది గనక అక్కడ మంచు మడమల లోతే.

ఆయన టై కట్టుకుని కిందికి దిగి అడ్డచెక్క ఊడదీయడం మొదలెట్టాడు.

"అందులోంచి వద్దండీ! ఉన్నదీ పోతుంది!"

"ఉన్నదేవిటే ఇంకా? రైలు పోతుంది!"

పిల్లలు పారలు పట్టుకుని బయట దారి చేశారు. దండెం మీద ఆరేసిన లంగాల కింద నుంచి, "తల వంచండి అంకుల్, తల!" అని మా అమ్మాయి అరుస్తుంటే, ఆయన కళ్ళు మూసుకుని నైరుతి గుమ్మం దాటాడు. ఆవిడ దేవుడి ముందు కూలబడింది. మేం అటు సామాను సర్దాలా, ఇటు అన్నం వండాలా తెలియక కూర్చున్నాం.

ఉద్యోగం వచ్చింది.

ఆవిడ సిద్ధాంతిగారికే ముందు చెప్పింది. ఆయన ఏమాత్రం తొణకలేదు. "యజమాని పాదం పడింది, దోషం పోయింది. ఇకమీదట ఆ గుమ్మమే కలిసొస్తుంది!"

ఖాళీ చెయ్యమన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కానీ ఆనాటి నుంచి రోజూ ఆఫీసు వేళకి "లేవండమ్మా, అంకుల్ దిగుతున్నారు!" అని కేక. ఆయన లంచ్‌బాక్స్ పట్టుకుని మా పరుపుల మధ్యనుంచి అడుగులు ఏరుకుంటూ పోయేవాడు.

"ఆంటీ," అంది వరంగల్ పిల్ల దుప్పటి లోంచే, "గింత కలిసొస్తే మీరే కింద ఉండుండ్రి. మేం పైన సోఫాల పంటం."

ఆవిడ నవ్వింది. నవ్వితే పోయేదేముంది, ఒప్పుకోలేదుగా!

సరే, పొద్దుపోయింది, లేవండి. మీ ఇంట పొయ్యి ఆరకూడదు, వచ్చినవాళ్ళకి పరుపు తక్కువ కాకూడదు. మీ పిల్లలు ఏ దేశంలో తలదాచుకున్నా, నెలాఖరంటే బెదరని చోట చల్లగా నిద్రపోవాలి.